ఉపవాసాలతో బరువు తగ్గాక చర్మం వదులైతే ప్రోటీన్ ఎంతవరకు పనికొస్తుంది?

ప్రశ్న: గుంటూరు నుంచి ఒక గృహిణి

నమస్కారం. నా వయసు 42 ఏళ్లు, ఎత్తు 158 సెంటీమీటర్లు. రెండో కాన్పు తరువాత పెరిగిన బరువు పుష్కరకాలం పాటు నన్ను వదలలేదు. ఒక దశలో 96 కిలోలకు చేరాను. ఏడాదిన్నరగా ఒంటిపూట భోజనం చేస్తూ, ఏకాదశినాడు పూర్తిగా ఉపవాసం ఉంటూ ఇప్పుడు 72 కిలోలకు వచ్చాను. మోకాళ్ల నొప్పి తగ్గింది, మందుల అవసరం లేకుండానే షుగరు అదుపులోకి వచ్చింది. అయితే పొట్ట కింది భాగంలోనూ, జబ్బల దగ్గరా చర్మం వదులై వేలాడుతున్నది. ఎండాకాలంలో పొట్ట మడత కింద చెమటకు ఒరుసుకొని ఎర్రగా పొక్కుతున్నది.

ఈ విషయంలో నాకు ఒకదానికొకటి పొసగని సలహాలు వస్తున్నాయి. జిమ్‌లో శిక్షణ ఇచ్చే మా బంధువుల అబ్బాయి, ప్రోటీన్ చాలకపోవడం వల్లే చర్మం ఇలా అయిందనీ, పౌడరు వాడితే బిగుస్తుందనీ అంటున్నాడు. ఉపవాసాల గురించి వీడియోలు చేసేవారిలో కొందరు మాత్రం ప్రోటీన్ బాగా తగ్గించి వరుసగా మూడు నాలుగు రోజులు ఉపవాసం ఉంటే శరీరం అదనపు చర్మాన్ని తానే తినేస్తుందనీ, దానినే ఆటోఫజీ అంటారనీ, దానికి నోబెల్ బహుమతి కూడా వచ్చిందనీ చెబుతున్నారు. మా ఆడపడుచు కొలాజెన్ పొడి తెచ్చి ఇచ్చింది; దాన్ని ఇంకా వాడలేదు.

మేము శాకాహారులం, గుడ్డు కూడా తినము. మధ్యాహ్నం ఒక గిన్నెడు అన్నం, ఏదో ఒక కూర, గరిటెడు పప్పు, కప్పు పెరుగు తింటాను. సాయంత్రం గ్లాసు మజ్జిగ తాగుతాను, రాత్రి ఏమీ తినను. నేను ఇంకా పది కిలోలైనా తగ్గవలసి ఉంది. ప్రోటీన్ పెంచితే చర్మం నిజంగా బిగుసుకుంటుందా? పెంచాలంటే ఒక్క పూట భోజనంలో అంత ప్రోటీన్ ఎలా పడుతుంది? ఉపవాసాలు ఇలాగే కొనసాగిస్తే చర్మం ఇంకా వదులవుతుందా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.


జవాబు: పోషకాహార నిపుణురాలు, హైదరాబాద్

నమస్కారమండి. ప్రోటీన్ ఎంత తిన్నా, అప్పటికే వదులైన చర్మం ఆ తిండి వల్లనే బిగుసుకోదు. అయినా మీ విషయంలో ప్రోటీన్ పెంచాలనే నేను గట్టిగా చెబుతాను. మీరు రాసిన భోజనాన్ని లెక్కవేస్తే రోజుకు 25 నుంచి 30 గ్రాములకు మించి ప్రోటీన్ మీకు అందడం లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2020లో సవరించిన సిఫారసుల ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. 55 కిలోల స్త్రీకి ఇది సుమారు 46 గ్రాములు. అదైనా బరువు నిలకడగా ఉన్నవారికి చెప్పిన లెక్క. తిండి తగ్గించి బరువు తగ్గుతున్నవారికి, కండ కరిగిపోకుండా ఉండేందుకు కిలోకు 1.2 నుంచి 1.5 గ్రాముల దాకా ఇవ్వడం మా వృత్తిలో వాడుక. దీన్ని ఇప్పటి బరువుతో కాకుండా మీరు చేరదలచుకున్న బరువుతో లెక్కించడం మంచిది. 60 కిలోలు అనుకుంటే మీకు రోజుకు 72 నుంచి 90 గ్రాములు కావాలి. ఇప్పుడు అందులో సగం కూడా అందడం లేదు.

ప్రోటీన్ అందనప్పుడు ఉపవాసంలో జరిగేదేమిటో తెలిస్తే దీని అవసరం అర్థమవుతుంది. చివరిసారి తిన్న తరువాత సుమారు ఒక రోజులో కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉన్న గ్లూకోజు దాదాపు అయిపోతుంది. మెదడుకూ ఎర్ర రక్తకణాలకూ కావలసిన గ్లూకోజును శరీరం ఆ తరువాత చాలావరకు కండలోని ప్రోటీన్‌ను కరిగించి తయారుచేసుకుంటుంది. 1960లలో హార్వర్డ్‌లో జార్జి కేహిల్, ఆయన సహచరులు వారాలపాటు పూర్తి ఉపవాసం ఉన్న స్థూలకాయుల మీద చేసిన పరిశోధనల్లో, మొదటి రోజుల్లో రోజుకు సుమారు 75 గ్రాముల ప్రోటీన్ ఖర్చవుతుందనీ, కొన్ని వారాలు గడిచి మెదడు కొవ్వు నుంచి తయారయ్యే కీటోన్లను ఇంధనంగా వాడుకోవడానికి అలవాటు పడిన తరువాత అది 20 గ్రాముల దగ్గరకు దిగుతుందనీ తేలింది. కండలో ప్రోటీన్ అయిదో వంతే ఉంటుంది, మిగిలినది ఎక్కువగా నీరే. కాబట్టి 75 గ్రాముల ప్రోటీన్ పోవడమంటే మూడు వందల గ్రాములకు పైగా కండ పోవడమే. మూడు నాలుగు రోజుల ఉపవాసాలను మళ్లీమళ్లీ చేసేవారు ప్రతిసారీ సరిగ్గా ఈ నష్టం ఎక్కువగా ఉండే దశలోనే ఉంటారు. నష్టం తగ్గే దశ వచ్చేసరికి ఉపవాసం విరమించేస్తారు. నిజానికి అంత దీర్ఘ ఉపవాసాన్ని వైద్య పర్యవేక్షణ లేకుండా ఎవరూ తలపెట్టకూడదు.

రోజూ కొన్ని గంటలు మాత్రమే తినే పద్ధతిలోనూ ఈ ప్రమాదం లేకపోలేదు. శాన్ ఫ్రాన్సిస్కోలో 116 మందితో 12 వారాలు నడిపి, 2020లో ప్రచురించిన పరిశోధనలో, మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 గంటల మధ్య మాత్రమే తిన్నవారు తగ్గిన బరువు స్వల్పం. పైగా శరీరాన్ని స్కానింగ్ చేసి చూసిన వారిలో తగ్గిన బరువులో దాదాపు మూడింట రెండు వంతులు కొవ్వు కాని భాగమే. సాధారణంగా ఇది నాలుగో వంతుకు అటూ ఇటూ ఉండాలి. వారికి ఎంత ప్రోటీన్ తినాలో, ఏ వ్యాయామం చేయాలో ఎవరూ చెప్పలేదు. తినే వేళలు కుదించుకున్నంత మాత్రాన కండ నిలవదని దీని నుంచి నేను గ్రహించాను.

కండ పోతే చర్మానికేమిటి అంటారా? చర్మం కింద కొవ్వు, దాని కింద కండ ఉంటాయి. కొవ్వుతోపాటు కండ కూడా తగ్గితే చర్మానికి ఆనుకోవడానికి ఏమీ మిగలదు. మీ జబ్బల దగ్గర ఇదే జరిగి ఉండవచ్చు. అందుచేత ప్రోటీన్ చర్మాన్ని బిగించదు గానీ, చర్మం ఇంకా ఖాళీగా వేలాడకుండా లోపలి నిండుదనాన్ని కాపాడుతుంది.

ఇక ఆటోఫజీ సంగతి. జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమికి 2016లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చిన మాట నిజం. ఆయన ఈస్ట్ కణాల్లో ఆటోఫజీ ఏ విధంగా సాగుతుందో, దాన్ని ఏ జన్యువులు నడిపిస్తాయో కనుక్కున్నారు. ఆటోఫజీ అంటే కణం తన లోపల పాడైన భాగాలను తానే విడదీసి తిరిగి వాడుకోవడం. చర్మానికి బలాన్నీ సాగే గుణాన్నీ ఇచ్చే కొలాజెన్, ఎలాస్టిన్ పోగులు కణాల లోపల ఉండవు, కణాల మధ్య, వాటి వెలుపల అల్లుకొని ఉంటాయి. కణం లోపల జరిగే శుభ్రతతో మీ పొట్ట మీది అదనపు చర్మం కుంచించుకుపోతుందని చెప్పడం ఆ పరిశోధనలో లేని మాట. ఆ ఆశతో ప్రోటీన్ తగ్గించుకుంటే పోయేది కండే.

ఒక్క పూటలో 75 గ్రాములు శాకాహారంతో తినడం మీరన్నట్టు చాలా కష్టం. కడుపు ఉబ్బరం కూడా వస్తుంది. నా సలహా రెండు పూటలు చేసుకొమ్మని. ఉదయం పది గంటలకు ఒకటి, సాయంత్రం ఆరు గంటలకు ఒకటి తింటే, రాత్రంతా పదహారు గంటల ఉపవాసం ఎలాగూ మిగులుతుంది. పొద్దున 60 గ్రాముల పెసలతో వేసిన పెసరట్లు 14 గ్రాములు ఇస్తాయి. వాటితో 100 గ్రాముల పనీర్ కూర తింటే 18 గ్రాములు. సాయంత్రం 60 గ్రాముల జొన్నపిండితో చేసిన రొట్టెల్లో 6, ఎండు బరువు 40 గ్రాములుండే మీల్‌మేకర్ కూరలో 20, 40 గ్రాముల కందిపప్పుతో చేసిన ముద్దపప్పులో 9, పావు కిలో పెరుగులో 8 గ్రాములు వస్తాయి. మొత్తం 75. ఇవన్నీ ఇంచుమించు లెక్కలే. అన్నం మానమని నేను అనను, గిన్నెడు తినే చోట సగం తిని, పప్పు గరిటెడు తినే చోట గిన్నెడు తినమంటాను. బియ్యంలో కొరతగా ఉండే లైసిన్ అనే ఆమైనో ఆమ్లం పప్పుల్లో పుష్కలంగా ఉంటుంది కనుక రెండూ కలిస్తే ప్రోటీన్ నాణ్యత పెరుగుతుంది. చాలామంది ఉలవచారు తాగి ప్రోటీన్ అందిందనుకుంటారు గానీ అందులో ఎక్కువ భాగం వడకట్టిన ఉలవల్లోనే ఉండిపోతుంది. ఉలవ గుగ్గిళ్లు తినడం మేలు.

ఏకాదశినాడు పప్పు, ధాన్యం తినరు కాబట్టి పాలు, పెరుగు, పనీర్, మీ ఇంటి ఆచారం ఒప్పుకుంటే వేరుసెనగలు తీసుకోండి. సగ్గుబియ్యం, పండ్లతో సరిపెడితే ఆ రోజు ప్రోటీన్ దాదాపు ఉండదు.

కొలాజెన్ పొడి మీద డబ్బు పెట్టవద్దు. అసలైన కొలాజెన్ చేపల నుంచో, పశువుల చర్మం, ఎముకల నుంచో వస్తుంది. శాకాహార కొలాజెన్ పేరుతో అమ్మేవాటిలో విటమిన్ సి, కొన్ని ఆమైనో ఆమ్లాలు తప్ప కొలాజెన్ ఉండదు. మీ పొడి ఏ రకమో సీసా మీద చూడండి. ఇంకో సంగతి కూడా చెప్పాలి. కొలాజెన్‌లో ట్రిప్టోఫాన్ అనే అత్యవసర ఆమైనో ఆమ్లం అసలు లేదు. 1970ల చివర అమెరికాలో ఇతర ఆహారమేదీ దాదాపు లేకుండా కొలాజెన్ నుంచి తీసిన ద్రవ ప్రోటీన్ తాగి బరువు తగ్గబోయినవారిలో పదుల సంఖ్యలో మరణాలు సంభవించాయి, వారిలో చాలామందికి గుండె లయ తప్పింది. మీరు పొడిని భోజనంతోపాటు వాడితే అంత ప్రమాదం లేదు గానీ, దాన్ని రోజువారీ ప్రోటీన్ లెక్కలో కలుపుకోవడం మాత్రం తప్పు. శరీరం సొంతంగా కొలాజెన్ తయారుచేసుకోవడానికి విటమిన్ సి తప్పనిసరి. రోజుకొక ఉసిరికాయో జామకాయో చాలు.


జవాబు: ప్లాస్టిక్ సర్జన్, విశాఖపట్నం

పై జవాబులో ఆహారం గురించి చెప్పిన దానితో ఏకీభవిస్తూ చర్మం గురించి కొంత చేరుస్తాను.

చర్మానికి సాగి మళ్లీ వెనక్కు వచ్చే గుణాన్నిచ్చే ఎలాస్టిన్‌ను శరీరం ప్రధానంగా పుట్టుకకు ముందూ బాల్యంలోనూ తయారుచేస్తుంది. పెద్దయ్యాక కొత్తది పుట్టడం అత్యల్పం. ఏళ్ల తరబడి సాగి ఉన్న చర్మంలో ఆ పోగులు దెబ్బతింటాయి, కొలాజెన్ పలచబడి దాని అల్లిక చెదిరిపోతుంది. మీ పొట్ట మీద తెల్లని చారలు ఉంటే అక్కడ ఇదే జరిగిందని గుర్తు. అందుకే చర్మం ఎంతవరకు కుంచించుకుంటుందన్నది మీ వయసు, ఎన్నేళ్లు ఆ బరువులో ఉన్నారు, ఎన్ని కిలోలు తగ్గారు, ఎన్ని కాన్పులయ్యాయి, ఎండ ఎంత తగిలింది, పొగాకు అలవాటుందా, వంశం ఎలాంటిది అన్నవాటి మీద ఆధారపడుతుంది. ఉపవాసంతో తగ్గినా, వేరే విధంగా తగ్గినా 24 కిలోలు 24 కిలోలే. ఉపవాసం వల్ల ప్రత్యేకంగా చర్మం వేలాడదు, ప్రత్యేకంగా బిగుసుకోనూ బిగుసుకోదు.

మీకొక చిన్న పరీక్ష చెబుతాను. నిలబడి, పొట్ట కింది మడతను బొటనవేలితోనూ చూపుడువేలితోనూ పట్టుకొని చూడండి. చేతి వెనుక చర్మంలాగా పలచగా, కాగితంలా వస్తే అది అదనపు చర్మం. అంగుళం మందాన వస్తే అందులో ఇంకా కొవ్వు ఉంది, అది తగ్గే కొద్దీ అక్కడి ఆకారం మారుతుంది. ఈ ఎత్తుకు 72 కిలోలంటే ఇంకా కొవ్వు ఉండే అవకాశమే ఎక్కువ. కాబట్టి వదులు చర్మం అని మీరనుకుంటున్న దానిలో కొంత భాగం అసలు చర్మం కాకపోవచ్చు. బరువు నిలకడగా నిలిచిన తరువాత కూడా ఏడాది, రెండేళ్ల పాటు చర్మం కొద్దికొద్దిగా సర్దుకుంటుంది.

క్రీములతో, చర్మానికి పట్టే నూనెలతో మడత పోదు. చర్మం నునుపుగా కనిపించడం వేరు, చర్మం తగ్గడం వేరు. యంత్రాలతో వేడి చేసి బిగించే చికిత్సలు కొద్దిపాటి వదులుకు కొంత ఉపయోగపడతాయి తప్ప వేలాడే మడతకు పనిచేయవు. దానికి మార్గం శస్త్రచికిత్సే. పొట్ట మీది అదనపు చర్మాన్ని తీసివేస్తే ఒక తుంటి ఎముక నుంచి రెండో తుంటి ఎముక దాకా కోత మచ్చ మిగులుతుంది. జబ్బకు చేస్తే చంక నుంచి మోచేతి దాకా, చేయి లోపలి వైపున మచ్చ ఉంటుంది. దీనికి ఒప్పుకోగలరా అన్నది మీరే నిర్ణయించుకోవాలి. ఎవరైనా తొందరపెడితే వినవద్దు. బరువు కనీసం ఆరు నెలలు ఒకే చోట నిలిచాకనే చేయడం మంచిది, మళ్లీ తగ్గినా పెరిగినా ఫలితం చెడుతుంది. ఆపరేషన్‌కు ముందు మేము రక్తంలో హిమోగ్లోబిన్, ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ఎంతున్నాయో చూస్తాము. నెలల తరబడి అరకొర ప్రోటీన్‌తో ఉపవాసాలు చేసి వచ్చినవారిలో కోతలు త్వరగా మానవు, కుట్లు విడిపోతాయి. ఆ కారణంతో ఆపరేషన్ వాయిదా వేసి, ముందు సరిగా తినమని ఇంటికి పంపిన సందర్భాలు నా దగ్గర ఉన్నాయి. అందానికి చేసే ఆపరేషన్‌గా పరిగణించి ఆరోగ్య బీమా సంస్థలు సాధారణంగా ఖర్చు భరించవు.

పొట్ట మడత కింద ఎర్రబడటాన్ని మాత్రం ఇప్పుడే పట్టించుకోవాలి. మన కోస్తా ఉక్కపోతలో అక్కడ చేరిన తేమకు ఫంగస్ పడుతుంది. స్నానం చేశాక మెత్తని నూలు గుడ్డతో మడత లోపల పూర్తిగా తడి లేకుండా అద్దండి. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే మిశ్రమ క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది, అవి ముందు ఉపశమనం ఇచ్చి తరువాత చర్మాన్ని మరింత పలచబరుస్తాయి. చర్మ వైద్యుడికి చూపించుకోండి.


జవాబు: ఉపాధ్యాయుడు, కరీంనగర్

నేను కూడా ఇదే దారిలో బరువు తగ్గినవాణ్ణి, అందుకే రాస్తున్నాను. నాకు తేడా తెచ్చింది బరువులతో చేసే వ్యాయామం. జిమ్‌కు వెళ్లలేదు, ఇంట్లోనే రబ్బరు బ్యాండు, రెండు డంబెల్స్, కుర్చీలో కూర్చొని లేవడం, గోడకు చేతులు ఆనించి దండీలు తీయడం, వారానికి మూడు రోజులు ఈ పని చేశాను. జబ్బలు, తొడలు నిండుకున్నాయి. పొట్ట మీది చర్మం మాత్రం చాలావరకు అలాగే ఉంది, చొక్కా వేసుకుంటే కనబడదు.

ఒకటి గమనించాను. నడక ఎంత నడిచినా జబ్బల్లో మార్పు రాలేదు, ఎందుకంటే నడకలో జబ్బలకు పని లేదు. జపాన్‌లో మధ్యవయసు స్త్రీలతో 16 వారాలు చేయించి 2023లో ప్రచురించిన ఒక పరిశోధనలో నడక వంటి ఏరోబిక్ వ్యాయామం, బరువుల వ్యాయామం రెండూ చర్మం సాగే గుణాన్ని మెరుగుపరిచాయనీ, చర్మం మందం మాత్రం బరువుల వ్యాయామం చేసినవారిలోనే పెరిగిందనీ చదివాను. వాళ్లు మీలాగా బరువు తగ్గినవాళ్లు కారు కాబట్టి దాని మీద పెద్ద ఆశలు పెట్టుకోనక్కర లేదు, కానీ చేయడం వల్ల నష్టమేమీ లేదు కదా. వ్యాయామం చేశాక ఎక్కువ ఆలస్యం చేయకుండా భోజనం ఉండేలా వేళలు కుదుర్చుకుంటే నీరసం రాదు. ఉపవాసం రోజున బరువులు ఎత్తకండి అక్కా, ఆ రోజు మామూలు నడకతో సరిపెట్టండి.


అడిగినవారి నుంచి

అందరికీ కృతజ్ఞతలు. మడత పట్టుకొని చూశాను. పొట్ట దగ్గర అంగుళానికి తక్కువ లేదు, జబ్బల దగ్గర మాత్రం పలచగానే ఉంది. రెండు పూటల భోజనానికి మారుతాను. నా బరువు తగ్గడం చూసి మావారు కూడా ఒంటిపూట మొదలుపెట్టారు. ఆయన వయసు 49, స్వస్థలం ఉద్దానంలోని కవిటి మండలం. షుగరుకు గ్లిమెపిరైడ్ వేసుకుంటారు. ఆయనకు కూడా ఇదే లెక్కన ప్రోటీన్ వండి పెట్టవచ్చా?


జవాబు: పోషకాహార నిపుణురాలు, హైదరాబాద్

ఆగండి, ఆయన సంగతి పూర్తిగా వేరు. ఉద్దానంలో పుట్టి పెరిగినవారిలో కిడ్నీ జబ్బు ఎంత ఎక్కువో మీకు తెలిసే ఉంటుంది, షుగరు కూడా ఉంది కనుక ముప్పు ఇంకా పెరుగుతుంది. కిడ్నీలు దెబ్బతిన్నా చాలాకాలం ఏ లక్షణమూ కనబడదు. రక్తంలో క్రియాటినిన్, దానితో లెక్కించే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పే కొలత), మూత్రంలో ఆల్బుమిన్, ఈ మూడూ చూపించకుండా ఆయనకు ప్రోటీన్ పెంచవద్దు. కిడ్నీ జబ్బు ఉండి డయాలసిస్ దాకా రానివారికి కిలోకు 0.6 నుంచి 0.8 గ్రాముల మధ్య ఉంచుతారు, మీకు చెప్పిన దానిలో దాదాపు సగం. ఎంతన్నది నెఫ్రాలజిస్టు (కిడ్నీ వైద్యుడు) నిర్ణయించాలి. సొంత ఊరికి వెళ్లినప్పుడు చూపించదలిస్తే పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ఉన్నాయి.

గ్లిమెపిరైడ్ వేసుకొని భోజనం మానితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. డాక్టరు మోతాదు మార్చేదాకా ఆయన ఒంటిపూట ఆపి మూడు పూటలా తినాలి. చెమట పట్టి, వణుకు వచ్చి, మాట తడబడితే ఆలస్యం చేయకుండా మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి, పావుగంట తరువాత షుగరు చూడండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. పరీక్షల ఫలితాలు వచ్చాక ఇక్కడ రాస్తే, ఆయన కోసం విడిగా భోజనం లెక్క వేసి పెడతాను.